ఎదుటి పార్టీ పేరు

మా ఆవిడకి ఈ లోకంలో శత్రువులు లేరు. గట్టిగా వెతికితే కింది వాటాలో కుళాయి కట్టెయ్యకుండా వదిలేసే ముసలాయన ఒకడు తేలతాడు, అంతే. అలాంటి మనిషికి ఒక గుమాస్తా అడిగిన మొదటి ప్రశ్నతో సొంత చెల్లెలే ఎదుటి పార్టీ అయి కూర్చుంది. ఆ ప్రశ్న అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అప్పుడది నాకు నవ్వులాటగానే అనిపించింది.

మొదటి నుంచీ చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తుంది, మీరే సర్దుకోవాలి. లిఫ్టులు బాగుచేసే వాణ్ణి. ఎక్కడ ఇరుక్కుందో చూసి విడిపించడం తప్ప ఇంకో విద్య రాదు. ఇది మాత్రం ఎక్కడ ఇరుక్కుందో తెలిసేసరికి అంతా అయిపోయింది.

మా అత్తగారు సర్కారు తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళలో ఉండేవారు. నాలుగంతస్తుల మేడలు వరసగా, అన్నిటికీ ఒకటే రంగు. తలుపు మీద అంకె చూసుకోకపోతే కట్టుకున్న మొగుడైనా పక్కింట్లో దూరి మంచినీళ్ళు అడుగుతాడు. రెండు గదులు, వంటిల్లు, వెనక బట్టలారేసుకునేంత వసారా. మామగారు పోయాక ఆ ఇంటికి అత్తగారి పేరూ, పెద్దకూతురు కాబట్టి మా ఆవిడ పేరూ అద్దెదార్లుగా వేశారు. చిన్నది అప్పటికి బడికెళ్ళే పిల్ల. తర్వాత మా ఆవిడ నన్ను చేసుకుని, చేజేతులా చేసుకున్నదే, మా ఇరుకు కొంపకి వచ్చేసింది. పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఎవరికీ గుర్తు లేదు.

చిన్నది, అంటే మా మరదలు, పెళ్ళి చేసుకోలేదు. బేకరీలో కేకుల మీద పేర్లు రాసే పని. క్రీము నింపిన సంచీ చేత్తో పిండుతూ ఎంత పొడుగు పేరైనా ఒక్క ఊపులో రాసేస్తుంది. ఏటా మా ఆవిడ పుట్టినరోజుకి ఒక కేకు తెచ్చేది. దాని మీద శుభాకాంక్షలూ గట్రా ఉండవు. ‘ఇంకాస్త ముసలిదానివయ్యావు’ అని ఒక ఏడు, ‘బావకి ముక్క పెట్టకు’ అని ఇంకో ఏడు. ముక్కు మీద కోపం, నాలిక చివర వెటకారం. సాయం చేస్తానంటే మాత్రం ఒంటికి కారం రాసినట్టు అయిపోయేది.

అత్తగారు మంచాన పడ్డాక ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉన్నది అదే. తెల్లారకముందే బేకరీకి పోయి, మధ్యాహ్నానికి పరుగెత్తుకొచ్చి, ఒళ్ళు తుడిచి, అన్నం కలిపి తినిపించి, పక్కబట్టలు ఉతికి ఆరేసేది. మా ఆవిడది బట్టలు సరిచేసే దుకాణంలో కుట్టుపని. సెలవు దొరికిన రోజల్లా వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడేది. “నా చేతులేం పడిపోలేదక్కా, నువ్వెళ్ళి కూర్చో,” అని గరిటె లాక్కునేది చిన్నది. ఇలా ఏళ్ళు గడిచాయి. ఒక వానాకాలంలో అత్తగారు పోయారు.

సామాన్లు సర్దుకుంటున్న రోజున మా ఆవిడ చెల్లెలి తల నిమురుతూ, “ఒక్కదానివీ ఇక్కడేం ఉంటావే? కొన్నాళ్ళు మా ఇంటికి వచ్చెయ్యి,” అంది. ప్రేమతోనే అంది. పుట్టెడు దుఃఖంలో ఉన్న పిల్లకి అది ఇంకోలా వినబడింది.

“ఖాళీ చెయ్యమంటున్నావా? ఆ మాటే చెప్పు. నీ పేరే ఉందిగా ఇంటి మీద.”

మా ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను మధ్యలో దూరి ఏదో జోకు వేశాను. పేలలేదు.

ఆ మాట ఆరకముందే ఇళ్ళ ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. పెద్దావిడ పోయింది, మిగిలిన అద్దెదారు ఈ ఇంట్లో ఉండటం లేదు, ఇంట్లో ఉంటున్న అమ్మాయి అద్దెదారు కాదు. కాబట్టి విచారణ పెడతాం, ఇల్లు ఎవరిదో తేల్చుకోండి, తేలకపోతే వెనక్కి తీసుకుంటాం అని అక్కచెల్లెళ్ళిద్దరికీ విడివిడిగా చెప్పి పోయాడు.

మా ఆవిడ క్షణం ఆలోచించలేదు. “నా హక్కు నాకొద్దని రాసిచ్చేస్తాను. ఇల్లు చిన్నదానిది. అమ్మని మోసింది అది, నేను కాదు.”

“అయితే వెళ్ళి దానికి చెప్పు,” అన్నాను.

“చెబితే ఊరుకుంటుందా? ‘నీ దయ నాకక్కర్లేదు, నువ్వే ఉంచుకో’ అంటుంది. మొన్న చూశావుగా. పనయ్యాక చెబుదాం. తాళాలు చేతిలో పెట్టి నోర్ముయ్యమంటాను.”

“రాసివ్వడం అంటే నీ కుట్టుపని కాదు. పద్ధతులుంటాయి.”

“అడగందే అమ్మైనా పెట్టదు. ఊళ్ళో ఉచిత వకీలు ఉన్నారట. పోయి అడుగుదాం.”

ఆ ఆఫీసు టైర్ల దుకాణం పైన ఉంటుంది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, కింద గాలి కొడుతున్న చప్పుడు. గోడకి పెద్ద బోర్డు: ‘ఆదాయం తక్కువ ఉన్నవారికి ప్రభుత్వ నిధులతో ఉచిత న్యాయ సహాయం.’ దాని కింద గది నిండా జనం. ఇంటివాడు కరెంటు తీసేశాడని ఒకాయన, పిల్లాణ్ణి చూడనివ్వడం లేదని ఒకావిడ, చేసిన పనికి జీతం ఎగ్గొట్టారని నలుగురు కలిసి. ఇందరికీ ఒక్కతే వకీలు. ఎదురుగా గాజు కిటికీ, దాని వెనక స్వెటరు వేసుకున్న గుమాస్తా. గాజుకి మాట్లాడే కన్నం ఎంత కిందికి పెట్టారో! ఎంతటివాడైనా నడుం వంచితేగానీ మాట అవతలికి పోదు.

మా వంతు వచ్చాక మా ఆవిడ వంగి, “బాబూ, మా అమ్మ పోయిందండీ. ఆ ఇంట్లో మా చెల్లెలు...” అని మొదలుపెట్టింది.

“కథ ఇప్పుడే చెప్పకండమ్మా,” అని అతను చెయ్యి అడ్డం పెట్టాడు. “నేను వినకూడదు. ముందు, ఎవరి మీద?”

“ఎవరి మీద ఏంటి?”

“కేసు ఎవరి మీద? ఎదుటి పార్టీ పేరు చెప్పండి.”

“ఎవరి మీదా కాదు బాబూ.”

“ఎవరి మీదా కాకపోతే ఇక్కడికెందుకొస్తారమ్మా?” అన్నాడు. కసురుకోలేదు, మర్యాదస్తుడే. “ఎదుటివాళ్ళు మీకంటే ముందే మా దగ్గరికొచ్చి ఉంటే మీ మాట మేం వినకూడదు. ఒకే ఆఫీసు రెండు వైపులా నిలబడకూడదు కదా. అందుకని మొదట పేరే అడుగుతాం. ఇప్పుడా ఇంట్లో ఎవరున్నారు?”

“మా చెల్లి.”

“ఇల్లు మీకూ ఆవిడకీ మధ్య తేలాలి. అయితే ఎదుటి పార్టీ ఆవిడే.”

మా ఆవిడ నా మొహం చూసింది. నేను ‘చెప్పు, ఏం పోయింది’ అన్నట్టు భుజాలెగరేశాను. చెల్లెలి పేరు చెప్పింది. అతను టకటకా కొట్టి కంప్యూటర్లో చూసి, “ఆవిడ రాలేదు. మీరే ముందొచ్చారు. కూర్చోండి,” అన్నాడు.

“పో, పందెం గెలిచావు,” అన్నాను చెవిలో. నా చెయ్యి గిల్లి పోయి కూర్చుంది.

వకీలమ్మ జలుబుతో ఉంది. బల్ల మీద ఫైళ్ళ గుట్టలో చెయ్యి పెట్టే చోటు లేదు. ఇంతమందిని వినీ వినీ మా దగ్గరికొచ్చేసరికి ఆవులిస్తుందేమో అనుకున్నాను. లేదు, చివరిదాకా విన్నది. “నాది నాకు ఇప్పించమని వస్తారందరూ. నాది వదిలేస్తానని వచ్చినావిడ మీరేనమ్మా,” అని నవ్వింది. విచారణ రోజున మా ఆవిడ ఆ ఇంట్లో ఉండటం లేదనీ, హక్కు వదులుకుంటోందనీ, ఉంటున్న చెల్లెలికే ఇల్లివ్వాలనీ తనే చెబుతానంది. పని తేలికే అంది.

లేవబోతుంటే ఇంకో మాట అంది. “విచారణ అయ్యేదాకా ఈ విషయం మీ చెల్లెలితో మాట్లాడకండి. ఎదుటి పార్టీతో మాట్లాడి పనులు పాడు చేసుకుంటారు జనం. అందరికీ ఇదే చెబుతాను.”

అందరికీ చెప్పే మాట అది. జ్వరమని పోయినవాడికల్లా చల్లనీళ్ళు తాగొద్దని డాక్టరు చెప్పినట్టు. నా పెళ్ళాం పుట్టి బుద్ధెరిగాక ఒకరు చెప్పిన మాట విన్న దాఖలా లేదు, నా మాట అసలే లేదు. ఆ వకీలమ్మ మాట మాత్రం కొంగున ముడేసుకుంది. “చదువుకున్నావిడ, ఉత్తినే చెబుతుందా?” అంది.

ఆ తర్వాత చిన్నది మా ఇంటి గడప తొక్కలేదు. ఫోను చేస్తే తీసేది కాదు. “అమ్మ పోయిన బాధ, దాని మానాన దాన్ని ఉండనిద్దాం,” అనేది మా ఆవిడ. మాట్లాడితే నోరు జారతానేమోనని ఆవిడకీ భయమే. అందుకని గట్టిగా వెంటపడలేదు. మా ఆవిడ పుట్టినరోజు వచ్చింది. సాయంత్రమంతా తలుపు దగ్గర ఏ చప్పుడైనా లేచి చూసింది. కేకు రాలేదు. “ఈ ఏడు బాగుండదనుకుని ఉంటుంది,” అని తనే సర్దిచెప్పుకుని ఉన్న కూరతో అన్నం పెట్టింది నాకు.

మర్నాడు పని మధ్యలో బేకరీకి వెళ్ళాను. తెల్లటోపీ పెట్టుకుని చిన్నది గల్లా దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసింది.

“ఏం కావాలండీ?”

మా పెళ్ళిపీటల నాటి నుంచి ఆ నోట నాకు ‘బావా’ అన్న పిలుపు తప్ప ఇంకోటి లేదు. ఒళ్ళు మండితే ‘ఒరేయ్ బావా’ అనేది. ఇదేదో కొత్త నాటకం అనుకున్నాను.

“పొగరు తగ్గే బిస్కెట్లు ఏమన్నా ఉన్నాయాండీ మీ దగ్గర?”

“లేవండీ. ఇంకేమన్నా కావాలా? వెనక మనుషులు నిలబడి ఉన్నారు.”

“నిన్న మీ అక్క...”

“తెలుసండీ నిన్నేంటో.”

కళ్ళ కింద నల్లగా ఉంది. చిక్కిపోయింది. పిచ్చిదానా, ఆ ఇల్లు మీ అక్క నీకే ఇస్తోందే అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. వకీలమ్మ మాట అడ్డొచ్చింది. నా మూలంగా పని చెడిపోతే ఇంట్లో నన్ను బతకనివ్వరు. ఒక రొట్టె కొనుక్కుని, చిల్లర కూడా లెక్కపెట్టించుకుని, పరాయివాడిలా బయటపడ్డాను. ఇంటికొచ్చి “దానికి చేతినిండా పని ఉంది, నిన్ను అడిగింది,” అని అబద్ధం చెప్పాను. ఈవిడ నమ్మింది.

విచారణ నాడు మా ఆవిడ హడావిడి చూడాలి. తెల్లారే లేచి మంచి బట్టలు తీసింది. మిగిలిన గుడ్డముక్కలతో తాళాలు వేసుకునే చిన్న సంచీ కుట్టి పెట్టుకుంది, చెల్లెలికిద్దామని. ఇళ్ళ ఆఫీసు నుంచి అటే ముగ్గురం ఎక్కడైనా భోంచేద్దాం, డబ్బులు తీసుకో అంది. దారి పొడుగునా దాని మొహం ఎలా మారుతుందో అని తనలో తనే నవ్వుకుంది.

హాల్లో బెంచీల మీద చిన్నది లేదు. వకీలమ్మ వచ్చింది. మా పిలుపు వచ్చింది. అధికారి కళ్ళజోడు సవరించుకుంటూ విన్నాడు. మా ఆవిడ ఆ ఇంట్లో ఉండటం లేదు, హక్కు వదులుకుంటోంది, చెల్లెలికే ఇవ్వాలి అని వకీలమ్మ శుభ్రంగా చెప్పి, మా ఆవిడ చేత సంతకం పెట్టించి ఇచ్చింది. అతను అది చదివి పక్కన పెట్టాడు.

“ఆ ఇంట్లో ఉంటున్నావిడ పోయిన వారమే ఖాళీ చేసి తాళాలు అప్పగించేసిందండీ. నాకేం అక్కర్లేదు, మా అక్కకే ఇచ్చెయ్యండి అని సంతకం చేసి పోయింది. ఇప్పుడు అక్కగారేమో మీరు. మీకూ అక్కర్లేదంటున్నారు.”

మా ఆవిడ చేతిలో గుడ్డసంచీ అలాగే ఉంది.

“లేదండీ, నాకు కావాలి. దానికివ్వడానికే కదా నేను...” అంది చివరికి.

“ఆ ఇంట్లో ఉండటం లేదని ఇప్పుడేగా రాసిచ్చారు? ఉండనివాళ్ళకి ఇవ్వడానికి లేదమ్మా. ఇద్దరూ వద్దన్న ఇల్లు వరసలో ఉన్నవాళ్ళకి పోతుంది. ఎన్ని కుటుంబాలు కనిపెట్టుకుని ఉన్నాయో మీకు తెలియనిది కాదు.” అతను చెడ్డవాడేం కాదు. “ఆ అమ్మాయి తన ఇష్టంతో ఇవ్వలేదు, పొరపాటు జరిగింది అనుకుంటే గడువులోగా అప్పీలు చేసుకోమనండి. వకీలుతో రమ్మనండి. ఉత్త నోటిమాటతో కాదు.”

బయట వరండాలో మా ఆవిడ గోడకి ఆనుకుంది. “ఎందుకిచ్చేసింది? నాకెందుకిమ్మంది?” అని ఒకటే మాట. వకీలమ్మ రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ కిందికి చూస్తోంది. అప్పుడు నాకు ఎక్కడ ఇరుక్కుందో తట్టింది.

“మా మరదలు మీ ఆఫీసుకొచ్చిందా?”

“అది నేను చెప్పకూడదండీ.”

“వచ్చిందో లేదో కూడానా?”

“వచ్చిందో లేదో కూడా.”

చెప్పక్కర్లేకపోయింది, మొహం చూస్తే తెలిసింది. నేను అరిచాను. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడింది, ఇదా మీ ఉచితం, ఇదా మీ సాయం అని ఆ వరండా దద్దరిల్లేలా అరిచాను. పాపం ఆవిడ అంతా పడింది. ఆ తర్వాత మెల్లిగా అంది.

“వంతెన అవతల మాకు ఇంకో ఆఫీసు ఉండేదండీ. ఒకే ఇంట్లోంచి ఇద్దరొస్తే ఒకరిని నేను చూసేదాన్ని, ఇంకొకరిని అక్కడికి పంపేవాళ్ళం. అక్కడి వకీలు నాకు ఫోను చేసేవాడు, మీవాళ్ళేమంటున్నారు, మావాళ్ళిదంటున్నారు అని. సగం తగవులు ఆ ఫోన్లోనే తీరిపోయేవి. ఒక ఊరికి రెండెందుకని నిధులు ఆపేశారు. దాన్ని మూసేశారు. ఇప్పుడక్కడ పరుపులమ్ముతున్నారు.” రుమాలు మడుస్తూ, “మీలాంటి కేసు అయితే రెండు మాటల్లో తేలిపోయేది,” అంది.

ఆ మాట విన్నాక ఆవిడ మీద కోపం పోయింది. ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక నాలోనే ఉండిపోయింది. ఎక్కడో ఎవరో పెద్దమనుషులు కూర్చుని, దండగ ఖర్చు తగ్గించామని చేతులు దులుపుకుని ఉంటారు. వాళ్ళకి ఈ అక్కచెల్లెళ్ళు ఎవరో ఎలా తెలుస్తుంది?

చిన్నది బేకరీ పైగదిలో, అక్కడ పనిచేసే ఇద్దరమ్మాయిలతో కలిసి ఉంటోందని తెలిసింది. కింద పొయ్యిల వేడికి ఆ గది నేల కాలికి వెచ్చగా తగులుతుంది. మూడు మంచాలు, మంచాల కింద సంచులు. అత్తగారి అద్దం ఒకటి గోడకి నిలబెట్టి ఉంది. మేం వెళ్ళేసరికి తల దువ్వుకుంటోంది.

“వచ్చావా అక్కా?” అంది. “తాళాలందాయా?”

వెటకారం లేదు ఆ గొంతులో. మా ఆవిడ మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయింది. “ఎందుకిచ్చేశావే ఇల్లు?” అని నేనే అడిగాను.

“మరేం చెయ్యమంటారండీ?” అని, మొహం తిప్పుకుని చెప్పింది. “ఇల్లు నిలబెట్టుకోవడం ఎలాగో అడుగుదామని ఉచిత వకీలు దగ్గరికెళ్ళాను. ఎవరి మీద అన్నాడు గాజు వెనకాయన. ఎవరి మీదా కాదన్నాను. ఇంటి మీద ఇంకెవరి పేరుందన్నాడు. మా అక్కదుంది, కానీ అక్క మీద కాదు అన్నాను. పేరు కొట్టి చూశాడు. ఆయన మొహం అదోలా అయిపోయింది. ‘మీతో మేం మాట్లాడటానికి లేదమ్మా, వేరే వకీల్ని చూసుకోండి’ అన్నాడు. ఎందుకండీ అంటే చెప్పకూడదట. ఆ మాత్రం నాకు తెలీదా? అక్క ముందే వచ్చి నా మీద వకీల్ని పెట్టుకుంది. ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. కింద టైర్లకి గాలి కొడుతున్నారు. డబ్బిచ్చి వకీల్ని పెట్టుకునే తాహతు నాకెక్కడిది? ఉన్నా పెట్టుకుంటానా? అమ్మ ఉన్న ఇంటి కోసం నలుగురిలో నిలబడి నిన్ను ఎదిరించి మాట్లాడతానా అక్కా? నీకంత కావాల్సి వస్తే తీసుకోనీ అనుకున్నాను.” దువ్వెన మంచం మీద పెట్టేసి అక్క వైపు తిరిగింది. “అడిగితే ఇచ్చేదాన్ని కదా. వకీలెందుకు?”

“నీకివ్వడానికే వెళ్ళానే,” అంది మా ఆవిడ. “నీకివ్వడానికే. ఆవిడ మాట్లాడొద్దంటే మాట్లాడలేదే.”

గుడ్డసంచీ తీసి చేతిలో పెట్టింది. చిన్నది దాన్ని తిప్పి చూసి, లోపల వేలు పెట్టి చూసింది. ఖాళీ. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నా జన్మలో ఎవరి మీదా అంత జాలి పడలేదు. ప్రేమ తక్కువై విడిపోయినవాళ్ళని చూశాను. వీళ్ళిద్దరూ ప్రేమకొద్దీ ఇంటిని చెరోవైపు నుంచీ వదిలేశారు, అది నేల మీద పడింది.

అప్పీలు గడువు ఇంకా ఉంది. మర్నాడే ముగ్గురం టైర్ల దుకాణం మెట్లెక్కాం. డబ్బు తీసుకునే వకీళ్ళని కూడా అడిగి చూశాం, వాళ్ళు చెప్పిన అంకె వింటే చిన్నదాని ఏడాది జీతం గుర్తొచ్చింది. ఇక్కడ బతిమాలితే ఏమన్నా అవుతుందేమోనని ఆశ. చిన్నది కన్నం దగ్గర వంగింది. గుమాస్తా తలెత్తి, అలవాటుగా, “ఎవరి మీద?” అన్నాడు.

చిన్నది వెనక్కి తిరిగి చూసింది. మా ఆవిడ ముందుకొచ్చి, దాని పక్కన వంగింది.

“నా మీద. నా పేరు రాసుకోండి బాబూ. నేనేం అనుకోను.”

అతను మమ్మల్ని గుర్తుపట్టాడు. చేతులు కీబోర్డు మీంచి తీసేశాడు. “మీ పేరు ముందే ఉందమ్మా మా దగ్గర. అందుకే ఈవిడ తరఫున మేం రాకూడదు.”

“అయితే కొట్టెయ్యండి. నేను రాలేదనుకోండి.”

“వచ్చినవాళ్ళని రాలేదనుకోడానికి లేదమ్మా.” లోపలికెళ్ళి వకీలమ్మని అడిగి కూడా వచ్చాడు. ఆవిడ తలుపు దాకా వచ్చి నిలబడింది గానీ బయటికి రాలేదు. గుమాస్తా మళ్ళీ, “అవతలి ఆఫీసు ఉండుంటే...” అని మధ్యలో ఆపేశాడు.

మెట్లు దిగుతుంటే చిన్నది అక్క భుజం మీద చెయ్యేసింది. “పోనీలే అక్కా. పుట్టడంలో ముందు నువ్వే, వకీలు దగ్గరికీ ముందు నువ్వే. నీకంటే ముందు నేనెప్పుడు పోగలిగాను?” అంది నవ్వుతూ. మా ఆవిడ కూడా నవ్వబోయింది, కుదరలేదు.

అప్పీలు చిన్నదే సొంతంగా రాసి పెట్టుకుంది. మమ్మల్ని బయటే ఉంచేశారు, ఒక్కతే వెళ్ళి నిలబడింది. వాళ్ళడిగినదానికి ఏం చెప్పాలో తెలియక నిజం మొత్తం చెప్పిందట. నిజం బాగానే ఉంది, దానికి రుజువేదని అప్పీలు కొట్టేశారట. అప్పటికే ఆ ఇంట్లో ఎవరో భార్యాభర్తలు, చంటిపిల్లతో చేరిపోయారు. వాళ్ళూ మాలాంటివాళ్ళే, వాళ్ళని ఏమంటాం?

బేకరీ గదిలో వద్దని మా ఇంటికి లాక్కొచ్చాం. మా ముందుగదిలో దానికి పరుపొకటి కావాలి. ఊళ్ళో మాకు అందుబాటు ధరలో దొరికేది వంతెన అవతల దుకాణంలోనే. లోపల పరుపులు నిలబెట్టిన గోడ పక్కన గాజు కిటికీ ఇంకా అలాగే ఉంది, కిందికి కన్నంతో సహా. దాని వెనక కూర్చుని ఒకతను బిల్లు కొడుతున్నాడు. మా ఆవిడ అలవాటు చొప్పున వంగింది. “వంగక్కర్లేదమ్మా, తలుపు తీసే ఉంది, లోపలికి రండి,” అన్నాడతను.

చిన్నది ఇప్పుడు నన్ను మళ్ళీ ‘బావా’ అంటోంది. వెటకారం కూడా కాస్త తిరిగొచ్చింది. అక్కాచెల్లెళ్ళు కలిసి వండుకుంటారు, ఒకరి జడ ఒకరు వేసుకుంటారు. అయితే గరిటె ఇప్పుడు లాక్కోదు. ఏం తరగమంటావక్కా అని అడుగుతుంది. అడిగి తరుగుతుంది. సాయమంటే మండిపడే పిల్ల మా ఇంట్లో చేసిన ప్రతిదానికీ బాగుందంటోంది. అది విన్నప్పుడల్లా మా ఆవిడ పొయ్యి వైపు తిరిగిపోతుంది.

రోజూ తెల్లారకముందే బేకరీకి లేస్తుంది. దీపం వెయ్యదు. పరుపు మడిచి, దాని మీద దుప్పటి నలుచదరంగా పెట్టి, తలుపు వెనక ఆనించి, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటాక తొడుక్కుంటుంది. తెల్లారి లేచి చూస్తే ఆ గదిలో రాత్రి ఒక మనిషి పడుకున్న జాడే ఉండదు. మొన్న నాకు మెలకువ వచ్చింది. పడుకునే చూస్తూ, “ఆ పరుపు అలా వదిలెయ్యకూడదుటే? ఇది నీ ఇల్లే అనుకో,” అన్నాను.

“అనుకుంటూనే ఉన్నాను బావా,” అంది, దుప్పటి అంచులు సరిచేస్తూ.